పోటు

ప్రతి మంగళవారం పదింటికి
దొసిండా కాళ్ళు పట్టుకుంటాను.
పట్టుకోవడమంటే బతిమాలడం కూడా.
రెండూ నా ఉద్యోగమే.

గలీసియా వానలో, అరౌసా ఉప్పుకయ్య ఒడ్డున
నాలుగో ఇల్లు.
నేను వెళ్ళేసరికి బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళుంటాయి.
వేడి మోచేత్తో చూస్తుందట, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు.
పాదాలకి వేడి తెలియడం మానేసి చాలా కాలమైంది.

కట్టు విప్పుతాను.
ముందు సాగే గుడ్డ, తర్వాత దూది, దాని కింద జాలీ,
చివర వాసన.
ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది
వాసన ఇంకెవరిదో అయినట్టు.

మోకాలి కింద చర్మం
ఉల్లిపొర కన్నా పల్చన.
గోరు తగిలితే చాలు, చిరుగుతుంది.
పిక్కల మీద తెల్లటి పొలుసులు.
"చేపకుంటే సొగసు, నాకుంటే రోగమా?" అంటుంది.
చీలమండ చుట్టూ
ఎంత తోమినా పోని కాఫీ గిన్నె అడుగు రంగు.
పైకెక్కలేని రక్తం అక్కడే కూలబడి
తుప్పు వదిలిందని చెప్పాను ఒకసారి.
"పాత పడవ మేకులా" అంది.
ఆ మాట నచ్చి రెండుసార్లు అంది.

లోపలి గిలక పైన పుండు.
కాగితం స్కేలు పెట్టి కొలుస్తాను:
నాలుగు సెంటీమీటర్లు, మూడు.
పోయిన వారమూ నాలుగూ మూడే.
దానికి మూడేళ్ళు నిండాయి,
ఇంకా నడక రాలేదు, అదే నయం.

యాభై రెండేళ్ళు చన్నీళ్ళలో నిలబడింది దొసిండా
ఆటు వేళ బురదలో గొర్రు దించి
గుల్లలు ఏరుతూ, నెలలు నిండిన కడుపుతో కూడా.
అప్పుడు నడుం ఎత్తే తీరిక లేదు.
ఇప్పుడు వంచే వీలు లేదు.
తన అరికాలు తాను చూసుకుని పదకొండేళ్ళు.
గోళ్ళు పొట్టేలు కొమ్ముల్లా తిరిగితే
పోయిన నెల నేనే కత్తిరించాను.
ఒక ముక్క ఎగిరి పిల్లి పాలలో పడింది.
పిల్లి నన్ను ఇంకా క్షమించలేదు.

ఇవాళ కట్టు విప్పితే
రెండో వేలికీ మూడో వేలికీ మధ్య
ఇసుక.

కట్టు కూడా నాది కాదు.
నేను వరస మీద వరస సగం ఎక్కేలా చుడతాను.
ఇదేమో వలకి మరమ్మతు చేసినట్టు
ముడి మీద ముడి.

"ఎప్పుడు?"
"ఆదివారం. పున్నమి ఆటు.
సముద్రం అంత దూరం జరిగి చోటిస్తే
ఇంట్లో కూర్చోవడం మర్యాదా?"
"నీళ్ళలో దిగావా?"
"నేను దిగలేదు. నీళ్ళే వచ్చాయి."

గుండె కన్నా ఎత్తులో పెట్టుకోమన్న కాళ్ళు ఇవి.
పుండులో ఉప్పునీళ్ళు చేరితే ఏమవుతుందో,
మూడో ఇంటి అమదోర్‌కి మోకాలి దాకా ఎందుకు తీసేశారో
అంతా నోటిదాకా వచ్చింది.

"రాత్రి పోటు ఎక్కువగా ఉందా?" అని మాత్రం అడిగాను.
"ఏ పోటు?" అంది.
"కాలిలోదీ కిటికీ అవతలదీ ఒకే వేళకి వస్తాయి.
చీకట్లో పడుకుని
ఏది ముందు తగ్గుతుందా అని చూస్తుంటాను."

వేళ్ళ సందులు ఒక్కొక్కటే కడిగాను.
తడి లేకుండా అద్దాను, రుద్దలేదు.
పొలుసుల మీద లేపనం, వెంట్రుకల వాలుకి కిందికి.
ఇసుక బేసిన్ అడుక్కి చేరింది.
"ఆ నీళ్ళు తొట్లో పొయ్యకు" అంది.
గోడ అవతలికి పోశాను.

కొత్త కట్టు, వేళ్ళ మొదలు నుంచి మోకాలి దాకా.
పుస్తకంలో రాశాను: నాలుగు, మూడు.
వాసన: కొద్దిగా. నడక: ఉంది.
కింద ఇంకో గడి, ఇతర విషయాలకి.
కలం దాని మీద కాసేపు ఆగింది.

వెళ్ళేటప్పుడు ఫ్రిజ్‌లోంచి ఒక తడి సంచి తీసి ఇచ్చింది.
రోగుల దగ్గర ఏదీ తీసుకోకూడదు, నిబంధన.
ఇంటికొచ్చి ఉడకబెడితే
అన్నీ నోరు తెరిచాయి, ఒక్కటి తప్ప.
నోరు తెరవని గుల్లని నమ్మకూడదని
ఈ ఒడ్డున పిల్లలకి కూడా తెలుసు.